నాచు తెప్పలు వేస్తే మా ఒడ్డు చేపకి మంచిదా, చెడ్డా?

ప్రశ్న: సంఘం పుస్తకాలు, సంతబొమ్మాళి

అందరికీ నమస్కారం. మాది సంతబొమ్మాళి మండలం, సముద్రం ఒడ్డున వాడ. డ్వాక్రా సంఘాల పుస్తకాలు రాస్తాను. మొన్న గ్రామ సంఘం మీటింగుకి ఓ కంపెనీ తరపున ఇద్దరు వచ్చేరు. వెదురు తెప్పలు కట్టి, వాటికి తాళ్లు బిగించి, తాళ్లకి సముద్రపు నాచు ముక్కలు కట్టి నీళ్లలో వదిలితే 45 రోజుల్లో నాలుగింతలవుతుందని చెప్పేరు. ఎరువులు అక్కర్లేదు, మందులు అక్కర్లేదు, మంచినీళ్లు అక్కర్లేదు, భూమి అంతకన్నా అక్కర్లేదు. వినడానికి బాగానే ఉంది. మా సభ్యులు సగం మంది అప్పుడే లెక్కలేసుకుంటున్నారు.

డబ్బు సంగతి మేం చూసుకుంటాం. స్త్రీనిధి అప్పు ఎంత, కొనుబడి ధర ఎవరు కట్టాలి, అవన్నీ ఇక్కడ అడగటం లేదు. నా అనుమానం వేరే.

ఆ బాబు చెప్పిందేటంటే, నాచు వేస్తే చేప వచ్చి చేరతాది, పిల్లలు పెరుగుతాయి, నీళ్లలో మురికి నాచే పీల్చేస్తాది, గాలిలో కార్బన్ కూడా లాగేస్తాది, సముద్రానికి అంతా మేలే అని. ఒడ్డునుంచి పెద్దవల లాగి చేపలు పట్టే మా మావయ్య ఒకాయన లేచి, "తెప్పలేసిన కాడ కిందకి ఎండ దిగదు, చేపకి ఊపిరాడదు, పైగా మా వల ఎక్కడ లాగాల?" అన్నాడు. ఇద్దరూ ఒకే నీళ్ల గురించి మాట్లాడుతున్నారు మరి, ఇద్దరి మాటా ఎలా నిజమవుతుంది?

ఇంకోటి తాబేళ్లు. మా ఒడ్డుకి ఏటా గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్లు ఏరి, కంచె కట్టి, పిల్లలు అయ్యేక వదులుతారు, కాపలా మా వాడ కుర్రాళ్లే. తెప్పల గురించి అడిగితే ఆ కంపెనీ బాబు "తాబేలు పక్కనుంచి పోతుందమ్మా" అని నవ్వేడు. నాకు నవ్వు రాలేదు.

ఫోనులో వీడియో చూపించేరు. నీళ్లు అద్దంలాగ ఉన్నాయి, అడుగున ఇసక కనిపిస్తోంది. మా దగ్గర వంశధారకి వరదొస్తే కనుచూపు మేర ఎర్రనీళ్లే. ఆ మాటకొస్తే మామూలు రోజుల్లో కూడా మోకాలి లోతులో నా పాదం నాకు కనపడదు.

ఎండిన నాచు ముక్క ఒకటి ఇచ్చి వెళ్లేరు. చేతిలో పట్టుకుంటే కరెంటు తీగ తొడుగులాగ వంగుతోంది, పైన ఉప్పు తెల్లగా పట్టేసి ఉంది. గిన్నెలో నానబెట్టేను. గంట తిరిగేసరికి ఉబ్బి, వేలు పెడితే జారిపోతోంది, మెత్తటి కొమ్మలు కొమ్మలుగా విప్పుకుంది. వాసన మాత్రం మన నెత్తళ్లు ఆరబెట్టిన పందిరి వాసనే. దీన్ని సముద్రంలో ఎకరాలకెకరాలు పరిస్తే కింద బతికేవాటికి ఏమవుతుందో తెలిసినవాళ్లు చెప్పండి. మీటింగు మళ్లీ వచ్చే వారం ఉంది.

జవాబు: చింతపల్లి బోటు

మాది పూసపాటిరేగ మండలం. చింతపల్లి లైట్ హౌస్ ఎదర నీళ్లలో రాళ్లున్నాయి, వినే ఉంటారు. మాకు చేప అంటే ఆ రాళ్లే. నాచు ఇసక నేల మీద వేసుకుంటే మాకు అభ్యంతరం లేదు. రాళ్ల దరిదాపుల్లోకి తెస్తే మాత్రం పడవలన్నీ అడ్డం పెడతాం, అంతే. మీ మావయ్య అడిగిన రెండో ప్రశ్న ముందు తేల్చుకోండి. పెద్దవల లాగే చోట లంగరు తాడు ఒక్కటి ఉన్నా వల చిరిగిపోతుంది, ఆ తర్వాత వాడలో గొడవ ఎవరూ ఆపలేరు.

జవాబు: గార సరంగు

అక్కా, నాది గార మండలం. పెళ్లికి ముందు కొన్నేళ్లు తమిళనాడులో రామనాథపురం జిల్లా, మండపం పక్కన పనిచేశాను. ముందు ట్రాలర్ మీద, తర్వాత ఇవే నాచు తెప్పల మీద. అక్కడ కూడా ఆడవాళ్ల సంఘాలే నడిపేవి. లంగర్లు వెయ్యడానికి, గాలి మళ్లినప్పుడు తెప్పలు లాక్కెళ్లడానికి మాలాంటోళ్లని కూలికి పెట్టుకునేవారు. నేను చూసింది చెబుతాను, పుస్తకంలో ఉన్నది చదువుకున్నవాళ్లు చెబుతారు.

మీకిచ్చిన ముక్క కప్పాఫైకస్ అయ్యుంటుంది. అది మన సముద్రపు మొక్క కాదు. దాని పుట్టిల్లు ఫిలిప్పీన్స్ వైపు. భావనగర్‌లో ఉప్పు పరిశోధన సంస్థ ఉంది కదా, వాళ్లు తెచ్చి, 1990ల్లో మండపంలో పెంచి చూశారు. 2000 దాటాక పెప్సీ కంపెనీ కాంట్రాక్టు మీద ఊళ్లలో పెంచించింది, అందుకే ముసలివాళ్లు ఇప్పటికీ దాన్ని పెప్సీ నాచు అంటారు. ఐస్‌క్రీమ్‌లో, టూత్‌పేస్ట్‌లో చిక్కదనానికి వేసే కారాజీనన్ దీన్నుంచే తీస్తారు.

తెప్ప అంటే మూడు మీటర్ల వెదుర్లు నలుచదరంగా కట్టి, మధ్యలో ఇరవై తాళ్లు, ఒక్కో తాడుకి ఇరవై ముక్కలు. ముక్క నూటయాభై గ్రాములు. లెక్కేస్తే తెప్పకి 60 కిలోల విత్తనం. పది తెప్పలు వరసగా కలిపి లంగరు వేస్తారు. ఇక్కడ మీ మీటింగులో చెప్పి ఉండని మాట ఒకటుంది. తెప్ప అడుగున పాత వల కడతారు. విరిగిన ముక్క పడిపోకుండా, నాచు తినే చేప కిందనుంచి రాకుండా. ఆ వల సంగతి తర్వాత చెబుతాను.

చేప చేరుతుందా అంటే చేరుతుంది, నా కళ్లతో చూశాను. కోత రోజు తెప్ప ఒక మూల పైకెత్తితే గుబురులోంచి గోరంత పీతలు, గాజులాగ అవతలిపక్క కనిపించే రొయ్యపిల్లలు, వేలెడు చేపపిల్లలు బొటబొటా రాలి పడేవి. కొన్ని కొమ్మల చివర్లు కత్తెరతో కత్తిరించినట్టు సాపుగా ఉండేవి, అంటే రాత్రి చేప మేసిందన్నమాట. మనవాళ్లు కొబ్బరి మట్టలు కట్టి ముంచితే చేప చేరదా? ఇదీ అలాంటిదే. తేలే వస్తువు ఏదైనా నీడ, దాక్కోడానికి చోటు. అయితే చేరిన చేప వేరు, పెరిగిన చేప వేరు. చుట్టుపక్కల ఉన్నదే ఇక్కడికొచ్చి నిలబడితే సముద్రంలో చేప పెరిగినట్టు కాదు, పట్టడం సులువైనట్టు. ఆ తెప్పల చుట్టూ రాత్రిపూట సన్నకన్ను వల వేసి పిల్లచేపని కూడా ఊడ్చేసేవాళ్లని చూశాను. అలా అయితే మేలు కాస్తా కీడు.

ఇక చెడు సంగతి. ఎండ బాగా కాసి నీళ్లు వేడెక్కినా, వానకి ఉప్పదనం పడిపోయినా కొమ్మ మధ్యలో తెల్లగా పాలిపోతుంది. దానికి ఐస్-ఐస్ రోగం అని పేరు. వేలు తగిలితే పుటుక్కున విరుగుతుంది. ఒక్కోసారి పొద్దున్నే వెళ్లేసరికి ఇరవై తాళ్లలో సగం బోసిపోయి ఉండేవి, ముడులు మాత్రం మిగిలేవి. 2013 తర్వాత మండపం వైపు ఇలాగే ఊళ్లకూళ్లు దిగుబడి కుప్పకూలింది. అలా రాలిన ముక్క చచ్చిందైతే అడుగున కుళ్లుతుంది. బతికున్నదైతే అసలు భయం అప్పుడు మొదలు. ఈ మొక్కకి గింజ అక్కర్లేదు, ముక్కే మొక్క. ఎక్కడ తగులుకుంటే అక్కడ పెరుగుతుంది.

మన్నార్ సింధుశాఖలో కురుసడై అనే దీవి ఉంది, నేషనల్ పార్కులో ఒకటి. అక్కడ పగడాల మీద ఈ నాచు పట్టేసి ఉందని 2008లో శాస్త్రవేత్తలు బయటపెట్టారు. బతికున్న పగడం కొమ్మల్ని దుప్పటి కప్పినట్టు కప్పేసింది. పగడానికి ఎండ కావాలి, ఎండ పోతే అది తెల్లబడి చచ్చిపోతుంది, చచ్చిన రాయి మీద నాచు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. నేనున్న రోజుల్లో అటవీశాఖ వాళ్లు మనుషుల్ని పెట్టి చేత్తో పీకించేవారు. పీకేటప్పుడు ఓ ముక్క జారితే మళ్లీ మొదటికే.

మరి మన ఒడ్డు? పాక్ జలసంధిలో ఒకవైపు రామేశ్వరం, అవతల సిలోను, మధ్యలో నీళ్లు చెరువులాగ ఉంటాయి. అక్కడే గాలి మళ్లితే తెప్పలు ఇటునుంచి అటు లాక్కోవాలి. మనది తెరిచిన సముద్రం, కెరటం నేరుగా వచ్చి కొడుతుంది. 2018లో తిత్లీ, 2021లో గులాబ్, రెండూ మన జిల్లా మీదే తీరం దాటాయి. ఒడ్డున కట్టిన పడవలే నిలవలేదు, నీళ్లలో వెదుర్లు నిలుస్తాయా? వెదురు పోతే పోయింది, దానితోపాటు తాళ్లు, వలలు, నాచు అన్నీ ఒకేసారి సముద్రం పాలు. చింతపల్లి బావ రాళ్ల గురించి భయపడ్డాడంటే ఊరికే కాదు.

జవాబు: నీటికింద, విశాఖ

సరంగు గారు చెప్పినదానికి నేను కలిపేది కొంచెమే. సముద్ర జీవశాస్త్రం చదివాను, సెలవుల్లో చింతపల్లి రాళ్ల దగ్గర స్కూబా దిగుతుంటాను. ఆ రాళ్ల మీద స్పాంజీలు, మెత్తని పగడాలు, ఆల్చిప్పలు, మన సొంత నాచు, అన్నీ ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని బతుకుతుంటాయి. ఖాళీ జాగా అంటూ అరచేయంత ఉండదు. అలాంటి చోట బయటినుంచి వచ్చిన, వేగంగా పెరిగే మొక్క పడితే ఎవరికి చోటు పోతుందో ఊహించుకోవచ్చు.

అమ్మా, మీ మావయ్య, కంపెనీ మనిషి ఇద్దరూ సగం సగం నిజమే చెప్పారు. ఎవరి సగం చెల్లుతుందనేది తెప్ప కింద ఏ నేల ఉందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

నీడ సంగతి ముందు. కింద ఉత్త ఇసక ఉంటే నీడతో పెద్దగా పోయేదేమీ లేదు. కింద సముద్రపు గడ్డి ఉంటే మాత్రం పోతుంది. ఆఫ్రికా తూర్పు తీరాన జాంజిబార్ అనే దీవిలో 1989 ప్రాంతం నుంచి ఆడవాళ్లు ఈ కోవ నాచునే లోతులేని నీళ్లలో మేకులు పాతి, తాళ్లు కట్టి పెంచుతున్నారు. అక్కడ పరిశోధకులు పొలాల కింద, పొలాలు లేనిచోట పోల్చి చూశారు. పొలాల కింద గడ్డి పలచబడింది, గడ్డి వేళ్లలో ఉండే నత్తలు, పురుగులు తగ్గాయి. నీడ ఒక కారణమైతే, రోజూ నాచు చూసుకోవడానికి నడిచే కాళ్ల తొక్కిడి ఇంకో కారణం. చేపల్లో కూడా తేడా వచ్చింది, నాచు మేసే ర్యాబిట్ ఫిష్ లాంటివి పొలాలకి అలవాటు పడ్డాయి. మొత్తం చేప తగ్గిందని కాదు, ఏ చేప ఉండాలో అది మారింది. మన ఉత్తరాంధ్ర బయటి తీరంలో కెరటాల దెబ్బకి సముద్రపు గడ్డి మైదానాలు నిలవవు, కాబట్టి ఆ నష్టం మీకు పెద్దగా వర్తించదు. ఒడిశాలోని చిలికా సరస్సులో అయితే వర్తిస్తుంది.

ఊపిరాడకపోవడం గురించి. నాచు పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి మనలాగే తీసుకుంటుంది. నీళ్లు కదలని చోట, మరీ దట్టంగా పరిస్తే తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గుతుంది. మీ ఒడ్డున కెరటం ఊరుకోదు గనక పెద్ద బెంగ లేదు. రోగం వచ్చి టన్నులకొద్దీ ఒకేసారి రాలి అడుగున కుళ్లితే మాత్రం ఉంది.

మురికి పీల్చడం నిజమే. నత్రజని, భాస్వరం నీళ్లలోంచే తీసుకుంటుంది. అందుకే చైనాలో చేపల పెంపకం పక్కన నాచు పెంచుతారు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కూడా మండపం దగ్గర కోబియా అనే చేపను వల పంజరాల్లో పెంచి, చుట్టూ నాచు తెప్పలు కట్టి చూసింది. చేప వదిలిన వ్యర్థం తిని నాచు మామూలు తెప్పలకన్నా బాగా పెరిగింది. కానీ పీల్చిన నత్రజని సముద్రంలోంచి బయటికి పోవాలంటే నాచును కోసి ఒడ్డుకి తేవాలి. కొయ్యకుండా రాలిపోయిందంటే తీసుకున్నది తిరిగిచ్చేసినట్టే.

కార్బన్ మాట మాత్రం నేను నమ్మను. కోసిన నాచు ఫ్యాక్టరీకి వెళ్లి టూత్‌పేస్ట్ అవుతుంది, మనం ఉమ్మేస్తాం, ఆ కార్బన్ తిరిగి గాలిలోకే. వందల ఏళ్లు లోతుల్లో పూడిపోయేది కొద్దిగా రాలిన ముక్కల్లో ఏదో కాస్త. దాన్ని చూపించి ఎవరైనా మీకు కార్బన్ క్రెడిట్ డబ్బులని, అంటే కార్బన్ లాగినందుకు ఇచ్చే డబ్బులని, చెబితే కాగితం మీద అడగండి.

పరాయి మొక్క ఎంత మొండిదో చెప్పాలంటే హవాయి చాలు. కనేఓహే అఖాతంలో 1970ల్లో పెంపకం కోసమని తెచ్చారు. పెంపకం ఆగిపోయింది, మొక్క ఆగలేదు. ముప్పై ఏళ్ల తర్వాత పగడాల మీదినుంచి దాన్ని పీల్చడానికి పెద్ద పంపులు బిగించిన పడవలు తిప్పాల్సి వచ్చింది. మళ్లీ పెరగకుండా అక్కడి సముద్రంలో ముళ్లబంతిలా ఉండే అర్చిన్లనే జీవుల్ని హేచరీలో పెంచి రాళ్ల మీద వదిలారు. పంపూ, అర్చినూ కలిసి చేస్తేనే అదుపులోకి వచ్చింది.

ఇంకో మాట, మీకు పనికొచ్చేది. వానాకాలం తర్వాత గంగ, మహానది నీళ్లు కలిసిన తేలిక నీరు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంట దక్షిణానికి జారుతుంది. దానికి మీ వంశధార, నాగావళి తోడు. ఆ నెలల్లో ఒడ్డు దగ్గర పైనీటి ఉప్పదనం బాగా పడిపోతుంది. కప్పాఫైకస్‌కి లీటరుకి 30 గ్రాముల పైన ఉప్పుంటేనే సుఖం. అంటే మీ దగ్గర ఏడాది పొడుగునా పంట అనేది కుదరదు.

ప్రశ్నించినవారు: సంఘం పుస్తకాలు, సంతబొమ్మాళి

మీ ఇద్దరికీ చాలా థాంక్స్. మావయ్యకి చదివి వినిపించేను. "సగం నిజమంటే నేను నెగ్గినట్టేనా" అన్నాడు.

ఒక లెక్క నాకు తేలటం లేదు. వానాకాలం వద్దు, తుఫాను నెలలు వద్దు, ఉప్పు తగ్గిన నెలలు వద్దు. జూన్ వస్తే కెరటం లేస్తాది. ఇవన్నీ తీసేస్తే మిగిలింది జనవరి నుంచి మే. మాకు తాబేళ్లు వచ్చేది సరిగ్గా అప్పుడే కదా? జనవరి నుంచి గుడ్లు, పిల్లలు సముద్రంలోకి వెళ్లేది మార్చి, ఏప్రిల్, మే. నాచు మంచిగా పెరిగే నెలలూ తాబేలు నెలలూ ఒకటే అయిపోయేయి. మరి సరంగు తమ్ముడు ఆ కింద కట్టే వల గురించి తర్వాత చెబుతానన్నాడు.

జవాబు: కవిటి చెరువులు

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. మాకు రొయ్యల చెరువులున్నాయి. కోత అయ్యాక నీళ్లు కాలవలోకి వదులుతాం, అది ఉప్పుటేరులో కలుస్తుంది. ఆ నీళ్ల మీద మాకూ మాటలు పడుతున్నాయి. సముద్రంలో కాకుండా ఆ ఉప్పుటేట్లోనే నాచు పెంచితే రెండు పనులూ అవ్వవా? పరాయి మొక్క కాకుండా మనదే ఏదైనా లేదా?

జవాబు: నీటికింద, విశాఖ

ఉంది. గ్రాసిలేరియా. దీన్నుంచి జెల్లీలా గడ్డకట్టే అగర్ తీస్తారు. విశాఖ, భీమిలి రాళ్ల మీద ఒక జాతి ఉంది, చిలికలో ఇంకో జాతి సహజంగా పెరుగుతుంది. సన్నటి ఎర్రటి దారాల్లాగ ఉంటుంది. చిలిక జాతి ఉప్పదనం హెచ్చుతగ్గుల్ని కప్పాఫైకస్ కంటే బాగా తట్టుకుంటుంది, రొయ్యల చెరువు నీళ్లలో ఉండే అమ్మోనియాను ఇష్టంగా తీసుకుంటుంది. విరిగి కొట్టుకుపోయినా మన తీరానికి కొత్త కాదు. ధర తక్కువ, పెరుగుదల నెమ్మది, అందుకే కంపెనీలు దాని పేరెత్తవు.

అయితే మీ చెరువు నీళ్లలో మందులు, బ్లీచింగ్ ఏమి వాడారో దాన్ని బట్టి ఉంటుంది. నీళ్లు చిక్కగా బురదగా ఉంటే ఎండ దిగక నాచూ పెరగదు. ముందు నీరు ఒక గుంటలో కదలకుండా నిలవనిచ్చి, పైన తేరిన నీటిలో ఒక మూల తాళ్లు కట్టి చూడండి. ఉప్పుటేరు మొత్తం అడ్డంగా మాత్రం కట్టొద్దు. రొయ్యపిల్ల, పీత, పండుగొప్ప పిల్ల సముద్రంలోంచి లోపలికి వచ్చే దారి అదే.

సంతబొమ్మాళి అమ్మగారికి: విత్తనం ఎక్కడినుంచి వస్తోందో అడగండి. జీవమున్న నాచును బయటి దేశాలనుంచి తెప్పించడానికి 2024లో కేంద్ర మత్స్యశాఖ మార్గదర్శకాలు పెట్టింది. అనుమతి, క్వారంటైన్ కాగితాలు లేకుండా ఏదీ నీళ్లలో పడకూడదు. ముక్కతో పాటు దానికి అంటుకుని వచ్చే సన్న నాచులు, పురుగులు కూడా కొత్త అతిథులే.

జవాబు: గార సరంగు

అక్కా, లెక్క నువ్వే తేల్చేసావు. నేను చెప్పబోయింది కూడా అదే.

తెప్ప మీద బిగించిన తాళ్లతో తాబేలుకి పెద్ద ప్రమాదం లేదు. గట్టిగా లాగి కట్టిన తాడుకి గుద్దుకుని పక్కకి పోతుంది. వదులుగా వేలాడే తాడు, అడుగున సంచిలాగ జారిన పాత వల, ఈ రెండూ చంపుతాయి. తాబేలు ఊపిరి కోసం పైకి రావాలి. కిందనుంచి వచ్చి ఆ వలలో ముందు రెక్క ఇరికిందంటే విడిపించుకోబోయి ఇంకా చుట్టుకుంటుంది. అక్కడ ఒకసారి పచ్చ తాబేలును అలా తీశాం. అది నాచు మెయ్యడానికే వచ్చింది. మన దగ్గరకొచ్చే ఆలివ్ రిడ్లీ పీతలు, రొయ్యలు, జెల్లీచేపలు తినే రకం. నాచు కోసం రాదుగానీ, తెప్ప గుబురులో పీతలుంటాయని ముందే చెప్పాను కదా. ఒడ్డుకి వచ్చేదారిలో వరసగా వంద తెప్పలు అడ్డం ఉంటే ఇంకో తంటా. తాబేలు వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 జంతువు, చచ్చిన తాబేలు మీ తెప్పలో దొరికితే కేసు తెప్ప ఎవరి పేరున ఉంటే వాళ్ల మీదకి కూడా రావచ్చు. సంఘం పేరున ఉంటుంది కదా. పైన రుషికుల్య నది ముఖం దగ్గర ఒడిశా వాళ్లు నవంబరు 1 నుంచి మే 31 దాకా తాబేళ్లని కాపాడటానికి చేపల వేటే ఆపేస్తారు. మనం ఆ తాబేళ్లే తిరిగే నీళ్లలో కొత్తగా వలలు వేలాడదీస్తామంటే అటవీశాఖ వాళ్లు ఊరుకుంటారా?

నన్నడిగితే వలలేని పద్ధతి అడగండి. తాడు మీదే నాచు కట్టి, రెండు చివర్లా లంగరు వేసి, బాగా బిగించే పద్ధతి ఒకటుంది. గొట్టంలాంటి వలలో నాచు కూరి వేలాడదీసేది ఇంకోటి, కెరటానికి అదే నిలుస్తుందంటారు, ఆ గొట్టం సన్నకన్ను కాబట్టి తాబేలు రెక్క దూరదు. ఏదైనా సరే గుడ్లు పెట్టే ఒడ్డుకి ఎదర వద్దు. మీ కుర్రాళ్లకి తెలుసు ఏ చోట ఎక్కువ ఎక్కుతాయో, వాళ్లనే మీటింగుకి పిలవండి. రాళ్లకి, ఏటి ముఖానికి దూరంగా, పెద్దవల లాగే జాగా దాటి, ఇసక నేల మీద. ముందు ఒక్క వరస. నాలుగు వైపులా జెండాలు, రాత్రికి దీపం, లేకపోతే చీకట్లో ఫైబర్ బోటు ఫ్యాను తాడుకి చుట్టుకుంటుంది.

చివరగా ప్లాస్టిక్. తెప్పకి నాలుగు వందల ముక్కలంటే నాలుగు వందల కట్లు. ప్రతి కోతకి పాతవి తెంపి కొత్తవి కడతారు. తెంపినవి ఎక్కడ పడతాయి? పడవలోంచి నీళ్లలోకే. మండపం ఒడ్డున నడిస్తే కాళ్లకి చుట్టుకునేవి అవే, రంగు రంగుల పురికోస ముక్కలు. ఒప్పందంలో రాయించండి, తెంపిన ప్రతి కట్టూ గోనెలో వేసి ఒడ్డుకి తేవాలని, తుఫాను హెచ్చరిక వస్తే తెప్పలు పైకి లాగే ఖర్చు కంపెనీదని, మానేసి పోతే లంగర్లతో సహా తీసుకుపోవాలని.

ప్రశ్నించినవారు: సంఘం పుస్తకాలు, సంతబొమ్మాళి

రాసుకున్నాను తమ్ముడూ. మీటింగుకి అటవీశాఖ బీట్ ఆఫీసర్‌ని కూడా రమ్మని ఫోను చేసేను, వస్తానన్నారు. కంపెనీ వాళ్లకి మూడు ప్రశ్నలు ముందే వాట్సాప్ చేసేను. విత్తనం కాగితాలు, అడుగు వల, పోయేటప్పుడు ఎవరు తియ్యాలి. మొదటిదానికి "చూసి చెబుతాం మేడమ్" అని వచ్చింది, మిగతా రెండిటికీ నీలం టిక్కులు మాత్రం పడ్డాయి. గ్రాసిలేరియా విత్తనం ఎక్కడ అడగాలో విశాఖ బాబుగారు చెబితే, అదీ మీటింగులో పెడతాను.

జవాబు: నీటికింద, విశాఖ

విశాఖలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. సంఘం లెటర్‌హెడ్ మీద అర్జీ పెట్టుకుని వెళ్లండి, ఒడ్డు దగ్గర నీటి ఉప్పదనం నెలవారీగా కొలిచి ఇవ్వమని కూడా అందులోనే అడగండి.